ఒకే పాటను క్లారినెట్‌కు, సాక్సఫోన్‌కు, వయొలాకు మార్చి రాయడం ఎలా?

కీబోర్డు కోసం రాసిన నొటేషన్ కాగితాన్ని ఉన్నది ఉన్నట్టుగా క్లారినెట్ వాయించేవారి ముందు పెడితే పాట మొత్తం ఎందుకు తేడాగా వినిపిస్తుందని చాలామంది నన్ను అడుగుతుంటారు. క్వయర్ నడిపేవారు, స్కూలు బ్యాండు చూసుకునే మాస్టార్లు, ఇంట్లో ఒక పిల్ల వయొలిన్, మరో పిల్లవాడు సాక్సఫోన్ నేర్చుకుంటుంటే ఇద్దరి చేతా ఒకే పాట వాయించాలని ముచ్చటపడే తల్లిదండ్రులు, అందరిదీ ఇదే ప్రశ్న. తప్పు వాయించేవారిది కాదు, వాద్యానిదీ కాదు. ఆ కాగితం ఆ వాద్యం కోసం రాసింది కాదు, అంతే.

కర్ణాటక సంగీతం కొద్దిగానైనా తెలిసినవారికి ఈ పని సగం వచ్చినట్టే. ఐదు శ్రుతిలో పాడిన కీర్తనను ఒకటిన్నర శ్రుతిలో పాడినా స రి గ మలు మారవు, షడ్జం మాత్రమే జరుగుతుంది. స్టాఫ్ నొటేషన్‌ను ఒక వాద్యం నుంచి మరో వాద్యానికి మార్చడం కూడా కాగితం మీద షడ్జాన్ని జరపడమే. అందుకే ప్రతి నోటునూ విడిగా ఇన్ని మెట్లు పైకి అని లెక్కపెట్టుకుంటూ పోకుండా, స్వరాల ద్వారా మార్చే పద్ధతినే ఇక్కడ వివరిస్తున్నాను. తప్పులు చాలా తక్కువగా వచ్చేది ఈ దారిలోనే.

కావలసినవి

ఐదు గీతల మ్యూజిక్ నోటుబుక్కు, పెన్సిలు, రబ్బరు, ఒక కీబోర్డు లేదా హార్మోనియం, ఫోన్‌లో ఏదైనా ట్యూనర్ యాప్ ఉంటే చాలు. పెన్ను వద్దు. మ్యూజ్‌స్కోర్ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఈ పనిని క్షణంలో చేస్తుంది కానీ, ఒక్క పాటనైనా చేత్తో మార్చి చూడనివారు అది చేసిన తప్పును, నిజానికి దానికి మనం చెప్పిన తప్పును, గుర్తుపట్టలేరు. మొదటి రెండు మూడు పాటలు చేత్తోనే రాయండి.

1. ముందుగా పాట నిజంగా ఏ శ్రుతిలో వినిపిస్తోందో తేల్చుకోండి

ఈ మెట్టు దాటేసినవారే ఎక్కువగా ఇబ్బంది పడతారు. గాయకులు శ్రుతి అంకెలో చెబితే దాన్ని ఇలా మార్చుకోండి: ఒకటి అంటే సి, రెండు డి, మూడు ఇ, నాలుగు ఎఫ్, ఐదు జి, ఆరు ఏ, ఏడు బి. ఒకటిన్నర, రెండున్నర, నాలుగున్నర, ఐదున్నర, ఆరున్నర అనేవి వాటి మధ్యనున్న నల్ల మెట్లు. స్వరం పేరు పక్కన షార్ప్ అంటే ఒక మెట్టు పైకి, ఫ్లాట్ అంటే ఒక మెట్టు కిందికి.

జాగ్రత్త: కీబోర్డు వాయించేవారు "సి మేజర్‌లో వాయిస్తున్నాను" అని చెబితే వెంటనే నమ్మకండి. కీబోర్డులో ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంటుంది. ఒక క్రిస్మస్ రిహార్సల్‌కు నేను రాత్రంతా కూర్చుని నాలుగు వాద్యాలకు కాగితాలు రాసుకుని వెళితే, మొదటి బార్‌లోనే అంతా గందరగోళమైంది. చూస్తే కీబోర్డు మీద చిన్న తెరలో ప్లస్ మూడు అని వెలుగుతోంది. ఆయన వేళ్లు సి మీద ఉన్నాయి, వినిపిస్తున్నది ఇ-ఫ్లాట్. అప్పటినుంచి నేను ఎవరి మాటా వినను, షడ్జం పట్టమని అడిగి ట్యూనర్ చూస్తాను.

పాత హార్మోనియంతో వాయించాల్సి వస్తే ఇంకో సంగతి చూడాలి. దాని 'ఏ' (A) స్వరం 440 హెర్ట్జ్ వద్ద లేకపోవచ్చు. శ్రుతి కాస్త తక్కువగా ఉంటే క్లారినెట్ బ్యారెల్‌ను కొద్దిగా బయటికి లాగి సర్దుకోవచ్చు. ఎక్కువగా ఉంటే మాత్రం పూర్తిగా లోపలికి తోసిన తర్వాత చేయగలిగింది దాదాపు ఏమీ ఉండదు కాబట్టి, ఆ హార్మోనియాన్ని పక్కనపెట్టడమే మంచిది.

2. వినిపించే శ్రుతిలో అసలు ప్రతి రాసుకోండి

ట్రెబుల్ క్లెఫ్‌లో (ఏ గీత ఏ స్వరమో చెప్పే వరుస మొదటి గుర్తే క్లెఫ్), వినిపించే స్వరాలతో ఒక ప్రతి రాసి, ప్రతి నోటు కింద చిన్న అక్షరాలతో స్వరం పేరు వేయండి. మేజర్ స్కేలు అంటే మన శంకరాభరణమే. అందులో లేని స్వరం వచ్చినచోట ప్రతి మధ్యమం, కైశికి నిషాదం అని స్పష్టంగా గుర్తుపెట్టండి. తర్వాత వచ్చే మెట్టులో మిమ్మల్ని కాపాడేవి ఈ గుర్తులే.

ఉదాహరణకు నాలుగు శ్రుతిలో, అంటే ఎఫ్ మేజర్‌లో, స గ ప మ గ రి స అనే చిన్న పదాన్ని తీసుకుందాం. కీ సిగ్నేచర్‌లో, అంటే వరుస మొదట వేసే షార్ప్, ఫ్లాట్ గుర్తుల్లో, ఒక ఫ్లాట్ ఉంటుంది. నోట్లు ఎఫ్, ఏ, సి, బి-ఫ్లాట్, ఏ, జి, ఎఫ్. మొదటి ఎఫ్ ట్రెబుల్ క్లెఫ్‌లో కింది నుంచి మొదటి సందులో కూర్చుంటుంది.

3. వాద్యానికి ఎంత జరపాలో చూసుకోండి

గుర్తుపెట్టుకోవలసిన సూత్రం ఒక్కటే: వాద్యం పేరుకు ముందున్న స్వరం ఏదో, ఆ వాద్యకారుడు కాగితం మీద సి చూసి వాయిస్తే వినిపించేది అదే. బి-ఫ్లాట్ క్లారినెట్ మీద సి వాయిస్తే బి-ఫ్లాట్ వినిపిస్తుంది. వినిపించేది రెండు మెట్లు తగ్గుతోంది కాబట్టి కాగితం మీద రెండు మెట్లు పెంచి రాయాలి. ఇక్కడ మెట్టు అంటే నలుపు, తెలుపు అన్నీ కలిపి లెక్కపెట్టిన హార్మోనియం మెట్టు.

- బి-ఫ్లాట్ క్లారినెట్, బి-ఫ్లాట్ ట్రంపెట్, సొప్రానో సాక్సఫోన్: 2 మెట్లు పైకి. కీ సిగ్నేచర్‌కు రెండు షార్ప్‌లు కలపాలి.
- టెనర్ సాక్సఫోన్: అదే లెక్క, పైన మరో స్థాయి, అంటే మరో 12 మెట్లు. మొత్తం 14 మెట్లు.
- ఆల్టో సాక్సఫోన్: 9 మెట్లు పైకి. మూడు షార్ప్‌లు కలపాలి.
- బ్యారిటోన్ సాక్సఫోన్: ఆల్టో లెక్కకు మరో స్థాయి. మొత్తం 21 మెట్లు.
- ఎఫ్ హార్న్: 7 మెట్లు పైకి. ఒక షార్ప్ కలపాలి.
- 'ఏ' (A) క్లారినెట్: 3 మెట్లు పైకి. మూడు ఫ్లాట్‌లు కలపాలి.
- ఫ్లూట్, వయొలిన్, వయొలా, చెలో, ఓబో, ట్రాంబోన్: జరపనక్కర లేదు. వయొలా, చెలో, ట్రాంబోన్‌లకు క్లెఫ్ మాత్రం మారుతుంది.
- గిటార్, డబుల్ బాస్: పేర్లు మారవు కానీ, కాగితం మీద ఉన్నదానికి ఒక స్థాయి కింద వినిపిస్తాయి. పికోలో ఒక స్థాయి పైన వినిపిస్తుంది.

షార్ప్ కలపడం అంటే, ఫ్లాట్ ఉంటే ముందు దాన్ని తీసేయడం. ఎఫ్ మేజర్‌లో ఒక ఫ్లాట్ ఉంది. క్లారినెట్‌కు రెండు షార్ప్‌లు కలపాలి. ఒకటి ఆ ఫ్లాట్‌ను కొట్టేస్తుంది, రెండోది మిగులుతుంది, ఒక షార్ప్ అంటే జి మేజర్. అప్పు తీరగా మిగిలిన జమ లాంటి లెక్క ఇది.

యూఫోనియం విషయంలో ముందే అడగండి. బేస్ క్లెఫ్ చదివేవారైతే వినిపించేదే రాయాలి. బ్యాండులో ట్రెబుల్ క్లెఫ్‌తో నేర్చుకున్నవారైతే టెనర్ సాక్సఫోన్ లాగే 14 మెట్లు పైకి రాయాలి. వాద్యం ఒకటే అయినా, కాగితం అలవాటు వేరు.

జాగ్రత్త: శ్రుతి నల్ల మెట్టు మీద ఉన్నప్పుడు దాని పేరును షార్ప్‌గా కాకుండా ఫ్లాట్‌గా తీసుకోండి. ఒకటిన్నర శ్రుతిని సి-షార్ప్ మేజర్ అనుకుంటే ఏడు షార్ప్‌లు, వాటికి క్లారినెట్ కోసం మరో రెండు కలిపితే తొమ్మిది, అలాంటి కీ సిగ్నేచర్ రాయడానికి లేదు. దాన్నే డి-ఫ్లాట్ అనుకుంటే ఐదు ఫ్లాట్‌లు. క్లారినెట్‌కు మూడు ఫ్లాట్‌లతో ఇ-ఫ్లాట్ మేజర్, ఆల్టో సాక్సఫోన్‌కు రెండు ఫ్లాట్‌లతో బి-ఫ్లాట్ మేజర్ వస్తాయి. ఐదున్నర శ్రుతి కూడా అంతే, ఏ-ఫ్లాట్ అనుకోండి. క్లారినెట్‌కు రెండు ఫ్లాట్‌లు, ఆల్టోకు ఒకే ఒక్క ఫ్లాట్.

4. కొత్త కీ సిగ్నేచర్ వేసి, స్వరాలను చూస్తూ నోట్లు రాయండి

ఇప్పుడు అసలు ప్రతిలోని నోట్లను కాకుండా, వాటి కింద రాసుకున్న స్వరాలను చూడండి. మన ఉదాహరణలో:

క్లారినెట్‌కు షడ్జం జి. స గ ప మ గ రి స అంటే జి, బి, డి, సి, బి, ఏ, జి. కాగితం మీద ప్రతి నోటూ ఒక స్థానం పైకి జరుగుతుంది, అంటే సందులో ఉన్నది గీత మీదికి, గీత మీద ఉన్నది పై సందులోకి.

ఆల్టో సాక్సఫోన్‌కు షడ్జం డి. కీ సిగ్నేచర్‌లో రెండు షార్ప్‌లు. నోట్లు డి, ఎఫ్-షార్ప్, ఏ, జి, ఎఫ్-షార్ప్, ఇ, డి. ప్రతి నోటూ ఐదు స్థానాలు పైకి వెళుతుంది. మొదటి డి కింది నుంచి నాలుగో గీత మీద ఉండాలి.

ఎఫ్ హార్న్‌కు షడ్జం సి. కీ సిగ్నేచర్‌లో ఏమీ ఉండదు. నోట్లు సి, ఇ, జి, ఎఫ్, ఇ, డి, సి. నాలుగు స్థానాలు పైకి.

ఆల్టోకు తొమ్మిది మెట్లు పైకి లెక్కపెట్టడం కష్టమని చాలామంది మూడు మెట్లు కిందికి రాస్తారు. పేర్లు అవే వస్తాయి కానీ, పాట ఒక స్థాయి కింద వినిపిస్తుంది. పాట మరీ పైస్థాయిలో ఉంటే కావాలనే అలా రాయవచ్చు. తెలియక రాస్తే మాత్రం ఆల్టో వాయించే పిల్లవాడు అందరికంటే కింద గొణుగుతున్నట్టు ఉంటుంది.

5. కీ సిగ్నేచర్‌లో లేని స్వరాలను విడిగా చూడండి

చేత్తో రాసే కాగితాల్లో నేను చూసిన తప్పుల్లో అధికభాగం ఈ మెట్టులోనివే. అసలు ప్రతిలో ఒక నోటు ముందు నాచురల్ గుర్తు (షార్ప్, ఫ్లాట్‌లను రద్దు చేసేది) ఉంటే, కొత్త ప్రతిలోనూ నాచురల్ గుర్తే వేసేస్తారు. అది కుదరదు.

మన పదంలోనే శుద్ధ మధ్యమానికి బదులు ప్రతి మధ్యమం వచ్చిందనుకోండి. ఎఫ్ మేజర్‌లో మధ్యమం బి-ఫ్లాట్, దాన్ని ఒక మెట్టు పెంచితే బి, కాబట్టి అక్కడ నాచురల్ గుర్తు వేస్తాం. క్లారినెట్ ప్రతిలో మధ్యమం సి. దాన్ని ఒక మెట్టు పెంచితే సి-షార్ప్, ఇక్కడ షార్ప్ గుర్తు కావాలి. ఆల్టోకు జి-షార్ప్, హార్న్‌కు ఎఫ్-షార్ప్. ఒకే స్వరానికి ఒక కాగితంలో నాచురల్, మిగతా మూడింటిలో షార్ప్.

తిరగేసి చూద్దాం. కైశికి నిషాదం వస్తే అసలు ప్రతిలో ఇ-ఫ్లాట్, అంటే ఫ్లాట్ గుర్తు. క్లారినెట్‌కు నిషాదం ఎఫ్-షార్ప్, అది కీ సిగ్నేచర్‌లోనే ఉంది. ఒక మెట్టు దించితే ఎఫ్, కాబట్టి నాచురల్ గుర్తు. ఆల్టోకు సి-షార్ప్ దిగి సి అవుతుంది, అక్కడా నాచురలే. అందుకే గుర్తును కాపీ చేయకండి. "ఈ స్వరం ఉండవలసినదానికంటే ఒక మెట్టు పెరిగిందా, తగ్గిందా?" అని అడుగుతూ కొత్తగా వేయండి.

ఇలా వేసిన గుర్తు ఆ బార్ చివరి వరకే, ఆ స్థానంలోని నోటుకే వర్తిస్తుంది. అదే పేరున్న నోటు మరో స్థాయిలో వస్తే మళ్లీ వేయాలి. తర్వాతి బార్‌లో స్వరం మామూలుకు వచ్చేస్తే నియమం ప్రకారం గుర్తు అక్కర్లేదు, అయినా గుర్తు చేయడానికి ఒకటి వేయడం మంచి అలవాటు. పిల్లలకు రాసేటప్పుడు నేను తప్పకుండా వేస్తాను.

6. వాద్యం అందుకోగలదా, చేయి తిరుగుతుందా చూడండి

కాగితం సరిగా ఉన్నంత మాత్రాన వాయించడం సులువని కాదు. మన క్లారినెట్ ప్రతినే చూడండి. మొదటి నోటు జి, కింది నుంచి రెండో గీత మీద ఉంది. దానికి ఒక్క రంధ్రం కూడా మూయనక్కర లేదు, వాద్యాన్ని పట్టుకుని ఊదితే చాలు. తర్వాతి నోటు బి, నడి గీత మీద ఉంది. దానికి రంధ్రాలన్నీ మూసి, వెనక రిజిస్టర్ కీ కూడా నొక్కాలి. స నుంచి గ వరకు పాడేవారికి చిన్న అడుగే అయినా, కొత్తగా నేర్చుకునే పిల్ల చేతికి అది పెద్ద దూకుడు. క్లారినెట్‌వాళ్లు బ్రేక్ అని పిలిచే చోటు సరిగ్గా ఇక్కడే ఉంది. వాయించేది కొత్తవారైతే పదాన్ని ఒక స్థాయి కిందికి దించి రాయండి, వేళ్లు హాయిగా నడుస్తాయి.

కాగితం మీద క్లారినెట్ అతి కింది నోటు ట్రెబుల్ క్లెఫ్‌లో మూడో లెడ్జర్ గీత (ఐదు గీతలకు బయట వేసే చిన్న గీత) కిందనున్న ఇ. సాక్సఫోన్‌లకు మామూలుగా మొదటి లెడ్జర్ గీత కిందనున్న బి-ఫ్లాట్. వయొలిన్‌కు రెండో లెడ్జర్ గీత కిందనున్న జి. వీటికంటే కిందికి వెళ్లిన నోటు కనిపిస్తే ఆ పదం మొత్తాన్ని పైస్థాయికి మార్చండి. ఆ ఒక్క నోటును మాత్రమే పైకి ఎత్తితే పాట మధ్యలో విరిగినట్టు వినిపిస్తుంది.

ఏడు శ్రుతి, మూడు శ్రుతి లాంటివి వస్తే బి-ఫ్లాట్ క్లారినెట్‌కు షార్ప్‌లు బాగా ఎక్కువవుతాయి. 'ఏ' (A) క్లారినెట్ ఉన్నవారైతే అదే వాడమనండి. మూడు శ్రుతికి, అంటే ఇ మేజర్‌కు, బి-ఫ్లాట్ క్లారినెట్‌లో ఆరు షార్ప్‌లు వస్తే, ఏ క్లారినెట్‌లో ఒక్కటే వస్తుంది.

7. క్లెఫ్ మాత్రమే మార్చవలసినచోట

ఇక్కడ శ్రుతి మారదు, నోటు పేరు మారదు, కూర్చునే చోటు మాత్రమే మారుతుంది. హార్మోనియం నడుమనుండే సి స్వరాన్ని కొండగుర్తుగా పెట్టుకోండి. అది ట్రెబుల్ క్లెఫ్‌లో కింది లెడ్జర్ గీత మీద, బేస్ క్లెఫ్‌లో పై లెడ్జర్ గీత మీద, ఆల్టో క్లెఫ్‌లో నడి గీత మీద, టెనర్ క్లెఫ్‌లో కింది నుంచి నాలుగో గీత మీద ఉంటుంది.

ట్రెబుల్ నుంచి ఆల్టో క్లెఫ్‌కు, అంటే వయొలాకు, అదే స్థాయిలో రాయాలంటే ప్రతి నోటునూ మూడు గీతలు పైకి జరపండి. మొదటి సందులో ఉన్న మన ఎఫ్ ఆల్టో క్లెఫ్‌లో పై సందులోకి వెళుతుంది. కీ సిగ్నేచర్‌లోని ఫ్లాట్ ఒక్కటే అయినా దాని చోటు కూడా మారుతుంది. ట్రెబుల్‌లో నడి గీత మీద ఉండే బి-ఫ్లాట్ గుర్తు, ఆల్టోలో కింది నుంచి రెండో సందులో పడాలి. చాలామంది నోట్లన్నీ సరిగా మార్చి, ఈ గుర్తును మాత్రం పాత చోటే వదిలేస్తారు.

ఇక రెండు అడ్డదారులు. బేస్ క్లెఫ్‌లో రాసిన చెలో కాగితాన్ని బ్యారిటోన్ సాక్సఫోన్‌వారికి ఇవ్వవలసి వస్తే, నోట్లను తాకకుండా క్లెఫ్‌ను మాత్రం ట్రెబుల్‌గా మార్చి, కీ సిగ్నేచర్‌కు మూడు షార్ప్‌లు కలపండి. స్థాయితో సహా సరిగ్గా అదే వినిపిస్తుంది. ఆల్టో సాక్సఫోన్ వాయిస్తే ఒక స్థాయి పైన వినిపిస్తుంది. అలాగే టెనర్ క్లెఫ్‌లోని ట్రాంబోన్ కాగితానికి ట్రెబుల్ క్లెఫ్ పెట్టి రెండు షార్ప్‌లు కలిపితే, అది టెనర్ సాక్సఫోన్ ప్రతి అయిపోతుంది. రెంటిలోనూ మధ్యలో వచ్చే షార్ప్, ఫ్లాట్, నాచురల్ గుర్తులను ఐదో మెట్టులో చెప్పినట్టు మళ్లీ చూసుకోవాలి, అవి వాటంతటవే సర్దుకోవు.

8. కాగితం పైన వివరాలు రాయండి

ఎడమ మూలన వాద్యం పేరును పూర్తిగా రాయండి. క్లారినెట్ అని కాకుండా బి-ఫ్లాట్ క్లారినెట్ అని రాయాలి. పక్కన "వినిపించేది ఎఫ్, నాలుగు శ్రుతి" అని చిన్న అక్షరాలతో వేయండి. ప్రతి వరుస మొదట బార్ నంబరు ఉండాలి. లేకపోతే రిహార్సల్‌లో "మళ్లీ జి దగ్గరి నుంచి" అని మీరంటే ఒక్కొక్కరికి ఒక్కో జి కనిపిస్తుంది. స్వరం పేరు చెప్పవలసివస్తే ఎప్పుడూ వినిపించే స్వరాన్నే చెప్పే అలవాటు చేసుకోండి, లేదా స రి గ మలతోనే చెప్పండి, అసలు గొడవే ఉండదు.

సాఫ్ట్‌వేర్‌తో చేసేవారికి

మ్యూజ్‌స్కోర్‌లో కాన్సర్ట్ పిచ్ అనే బటన్ ఉంటుంది. అది ఆన్‌లో ఉంటే తెర మీద వినిపించే స్వరాలు, ఆఫ్‌లో ఉంటే వాద్యకారుడికి కనిపించవలసిన స్వరాలు ఉంటాయి. ఆన్‌లో పెట్టి అసలు ప్రతిని ఎక్కించండి, ప్రింటు తీసే ముందు ఆఫ్ చేయండి. చేత్తో మార్చుకున్న క్లారినెట్ నోట్లను, బటన్ ఆన్‌లో ఉండగా ఎక్కించారంటే రెండుసార్లు జరిపినట్టవుతుంది, కాగితం మీద రెండు మెట్లకు బదులు నాలుగు మెట్లు పైకి వెళుతుంది. మొదట వాద్యాన్ని ఎంచుకునేటప్పుడే బి-ఫ్లాట్ క్లారినెట్టా, ఏ క్లారినెట్టా అన్నది సరిగా చూసుకోండి.

సరిగా వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి?

రిహార్సల్‌కు వెళ్లే ముందు ఇంట్లో ఒక పరీక్ష చేయండి. మీరు రాసిన క్లారినెట్ ప్రతిని కీబోర్డు మీద పెట్టి, ట్రాన్స్‌పోజ్‌ను మైనస్ రెండుకు మార్చి, కాగితంలో ఉన్నది ఉన్నట్టు వాయించండి. అసలు పాట అసలు శ్రుతిలో వినిపించాలి. ఆల్టోకు మైనస్ తొమ్మిది, హార్న్‌కు మైనస్ ఏడు. మొదటి మెట్టులో నన్ను ముంచిన బటనే ఇక్కడ పనికొస్తుంది. ముగించాక సున్నాకు తెచ్చి పెట్టడం మర్చిపోకండి.

కీబోర్డు లేకపోతే కళ్లతోనే చూడండి. అసలు ప్రతికీ కొత్త ప్రతికీ మధ్య మొదటి నోటు ఎన్ని స్థానాలు జరిగిందో చివరి నోటూ, నడుమ ఏ నోటు తీసినా సరిగ్గా అన్నే జరగాలి. ఎక్కడైనా ఒక స్థానం తేడా వస్తే అక్కడి నుంచి మళ్లీ రాయండి.

రిహార్సల్ మొదట్లో అందరి చేతా షడ్జాన్ని ఒక్కటే నాలుగు తాళాల పాటు పట్టించండి. ఎవరైనా తేడాగా వినిపిస్తే ఎంత తేడాయో గమనించండి. రెండు మెట్లు తేడా ఉంటే ఆ మనిషి చేతిలో కీబోర్డు కాగితం ఉంది, లేదా ట్రంపెట్‌వారి ప్రతి ఫ్లూట్ దగ్గరికి వెళ్లింది. ఒక్క మెట్టు తేడా ఉంటే వాద్యం ఏదో పొరబడ్డారు, బి-ఫ్లాట్ బదులు ఏ క్లారినెట్ అందుకున్నారేమో చూడండి. అరమెట్టు కంటే తక్కువ తేడా అయితే కాగితం జోలికి వెళ్లకండి, అది వాద్యం శ్రుతి చేసుకోవలసిన సంగతి.

షడ్జం కలిసి, పాట మధ్యలో ఎక్కడో ఒక నోటు మాత్రమే కరుకుగా తగిలితే, పదింట తొమ్మిదిసార్లు అది ఐదో మెట్టులోని గుర్తే. ఆ బార్ నంబరు అడిగి, వాయించేవారి కాగితం మీదే పెన్సిలుతో దిద్దండి, ఇంటికి వచ్చాక అదే దిద్దుబాటును మీ దగ్గరున్న ప్రతిలోనూ వేసుకోండి. వచ్చే ఏడాది మళ్లీ జిరాక్స్ తీసేది దాని నుంచే.